ముడి విప్పే మనిషి

ఏలూరులో పర్వేజ్ నడిపే తివాచీల షెడ్డులో ఎనిమిది మంది ముడులు వేస్తారు. తప్పుపడ్డ ముడులు విప్పేది మాత్రం హమీదా ఒక్కతే. ఇరవై రెండేళ్లుగా ఆమె పని అదే. కొక్కెం పట్టుకుని మగ్గం వెనక్కి వెళ్లి, వేళ్లతో తడిమి తప్పెక్కడుందో పట్టేసేది. పూటంతా వేసింది చిటికెలో ఊడదీస్తుందని తోటివాళ్లకు ఒళ్లుమంట. ఉండదూ మరి.

2005 వేసవిలో ఆమెకు రక్తంలో క్యాన్సర్ అని తేలింది. రోజూ అన్నం తిన్నాక గ్లాసు నిండా నీళ్లతో ఒక మాత్ర వేసుకోవాలన్నాడు డాక్టరు, ఎప్పటికీ మానకూడదన్నాడు. ఆమె ఏడవలేదు. కానీ షెడ్డులో ఎవరికీ చెప్పకుండా దొడ్డివైపు వెళ్లి దొంగచాటుగా మింగేది. దాస్తే దాగుతుందా, పది రోజుల్లో అందరికీ తెలిసిపోయింది.

పర్వేజ్ మెత్తటి మనిషి. మెత్తగానే కోశాడు. "కొన్నాళ్లు ఇంటిపట్టున ఉండండి హమీదా గారూ. మీ మంచికేనండి." మంచికట. ఆమె పీట తీయించి అక్కడ ఊలు బస్తాలు పెట్టించాడు. విప్పే మనిషి లేకపోతే పని తొందరగా తెములుతుందన్న సంగతి మాత్రం నోటివెంట రానివ్వలేదు.

ఆమె కూతురు ఫిజా వట్లూరు కాలేజీలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతోంది. ఆ వారం తను ఇవ్వాల్సిన సెమినార్ టైరోసిన్ ఫాస్ఫటేజులనే ఎంజైముల మీద. ముందుగా తల్లికి చెప్పి చూసుకుంది.

"కణంలో కొన్ని ఎంజైములు ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలిస్తాయమ్మీ. పెరగమని దాని అర్థం. ఫాస్ఫటేజులు దాన్ని ఊడదీస్తాయి, ఇక చాలని. నీ రక్తంలో తగిలించేది ఒకటి చెడిపోయి ఆగడం లేదు. మాత్ర దాన్ని పట్టి ఆపుతోంది."

"మరి ఊడదీసేవి ఏం చేస్తున్నాయే?"

"కొన్ని క్యాన్సర్లలో వాటిని తయారుచేసే జన్యువే పోతుంది. కొన్నిట్లో ఉన్నా చాలవు. అన్నీ మంచివనీ కాదు. ఒకటుంది, ఊడదీయకూడని చోట ఊడదీసి జబ్బుకే సాయం చేస్తుంది."

"ఎక్కడ విప్పాలో తెలియాలి మరి," అంది హమీదా. ఆ వెంటనే, "నన్ను తీసేసి అక్కడేం నేస్తున్నారో రేపు చూసొస్తాను," అంది.

మర్నాడు పొద్దున్నే ఇంత అన్నం తిని, మాత్ర కొంగున కట్టుకుని వెళ్లింది. మగ్గం మీద పెద్ద తివాచీ మూడొంతులు అయిపోయింది. ఎవరూ పిలవకుండానే వెనక్కి వెళ్లి తడిమింది. నేత అంచుకు జానెడు కింద ఒక ముడి పక్క దారం మీద పడింది. కింది వరస చూసే పై వరస వేస్తారు కాబట్టి, ఆ తప్పే పైదాకా పాకింది. పువ్వు మొత్తం ఒరిగిపోయింది.

పర్వేజ్ గబగబా వచ్చాడు. "పైన ఊలు సమంగా కత్తిరిస్తే కనపడదండీ. వదిలేయండి. మీకు ఒంట్లో బాగోలేదు కదా."

"నా ఒంట్లో ఏముందో నాకు తెలుసండి. మీ తివాచీలో ఏముందో మీకే తెలియట్లేదు."

బస్తాలు తానే పక్కకు ఈడ్చి పీట వేసుకుంది. కుండలోంచి గ్లాసు నిండా నీళ్లు ముంచి, అందరూ చూస్తుండగానే కొంగుముడి విప్పి మాత్ర మింగింది. ఎప్పుడూ ఆమె మీద సణిగే నేతగత్తె సలోమి, తను వేసిన వరసలే పోతాయని తెలిసీ పక్కకు జరిగి చోటిచ్చింది.

హమీదా కొక్కెం పెట్టి పై వరస నుంచి విప్పడం మొదలుపెట్టింది.

"జానెడు నేత పోతుందండీ," అన్నాడు పర్వేజ్.

"పోతుంది," అంది ఆమె తలెత్తకుండా. "మళ్లీ నేస్తారు. నేనిక్కడే ఉంటాను."