వితొమిర్ భోజనాల గది

వితొమిర్‌తో వచ్చిన చిక్కల్లా ఒక్కటే. భోజనాల గదిని భోజనాల గదిలా ఉండనివ్వడు.

తీసా నది ఒడ్డున ఆ ఊళ్ళో అందరి ఇళ్ళలోనూ తెల్లగోడలు, లేసు గుడ్డ పరిచిన బల్ల, తూర్పు గోడకు ఇంటి పునీతుడి పటం ఉంటాయి. వితొమిర్ ఇంట్లోనూ పటం ఉంది. తక్కినదంతా నాటకం.

ముప్పై ఒక్క ఏళ్ళు అతను ఊరి నాటకశాలలో తెరలకు రంగులు వేశాడు. నాటకశాల మూతపడి, కప్పు కారి, పావురాలు కాపురం పెట్టిన ఏడాది, తక్కినవాళ్ళు కన్నీళ్ళతో ఇళ్ళకు వెళ్తే వితొమిర్ బండి కట్టుకుని వెళ్ళాడు. మూడు విడతల్లో ముఖమల్ తెర, రాజుగారి సింహాసనం, అట్ట స్తంభాలు, ఉరుము చప్పుడు కోసం ఊపే పెద్ద రేకు, అన్నీ ఇంటికి చేర్చాడు.

భర్త పోయాక పుట్టింటికి వచ్చేసిన చెల్లెలు ఒల్గిత్స గుమ్మంలో నిలబడి చూసింది.

"ఇవన్నీ ఇక్కడుంటే మనమెక్కడ ఉండాలన్నయ్యా?"

"మధ్యలో. నటులుండేది ఎప్పుడూ మధ్యలోనే."

అప్పటినుంచీ ప్రతి డిసెంబరులో పునీత నికోలా పండుగకు, అంటే ఇంటి పునీతుణ్ణి కొలిచే స్లావాకు, ఆ గదికి కొత్త వేషం పడేది. ఒక ఏడు నారింజ తోట. పోస్టుమేన్ గావ్రిల్ కాగితపు నారింజ కొరికి, మర్యాదకు మింగాడు కూడా. మరో ఏడు సుల్తాను గుడారం. సరిగ్గా ప్రార్థన మధ్యలో అది కూలి, పద్నాలుగు మంది అతిథులు వలలో పడ్డ చేపల్లా కొట్టుకుంటూ "ఆమెన్" అన్నారు.

అంతవరకూ ఒల్గిత్స సహించింది. నాలుగేళ్ళ కిందట చీకటి మొదలయింది.

గోడలకు మగ్గిన ప్లమ్ పండు రంగు పూశాడు. కిటికీకి తుఫాను సముద్రం గీసిన అట్ట పెట్టి ఇరవై మేకులు కొట్టాడు. పట్టపగలు పన్నెండింటికి కూడా ఆ గదిలో వెలుగంటే పండుగ మైనపువత్తి, పటం ముందు చిన్న దీపం, అంతే.

"ఏమిటన్నయ్యా ఇది, సమాధా?"

"విషాద నాటకం, చెల్లీ. చీకటి లేనిదే పండదు."

"నాకు పండేది చేపల పులుసు. అది ఎంత ఎర్రగా ఉందో నలుగురినీ చూడనీ!"

విన్నాడా? పైగా సరిగ్గా పులుసు వడ్డించే వేళకి మూలనున్న రేకు పట్టుకుని ధనధనా ఊపేవాడు. ఉరుము! గిన్నెలు అదిరేవి, ముసలమ్మలు సిలువ వేసుకునేవారు.

"ఈ ఉరుము పులుసుతోనే ఎందుకు రావాలి? వేపుడు చేపతో రాకూడదా?"

"పులుసు దగ్గరే కథ ముదురుతుందమ్మా."

ఆ చీకట్లో ఒకసారి ఫాదర్ సావా, పాపం చూపు మందగించిన మనిషి, పండుగ రొట్టె అనుకుని సింహాసనం మీది దిండును సిలువ ఆకారంలో కోశాడు. మీద ఎర్ర వైను పోశాడు. ప్రార్థన ముగించి ముక్క తుంచితే దూది వచ్చింది.

"ఈ ఏడు రొట్టె బాగా పొంగింది ఒల్గిత్సా," అన్నాడాయన, ఎవరి మనసూ నొప్పించడం తెలియనివాడు కనుక.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, ఒల్గిత్స లోపల గుబులు పెరుగుతూ వచ్చింది. స్లావాకు ఎవరినీ పిలవకూడదు. పిలిస్తే ఇంటికి తప్పు. తలుపు తీసి ఉంచాలి, గుర్తున్నవాళ్ళు వస్తారు. ఒకప్పుడు అరవై మంది వచ్చేవారు. కొందరు వియన్నాకు పోయారు, చాలామంది శ్మశానానికి పోయారు. కిందటేడు పదకొండు మంది. ఎవరూ రాని స్లావా అంటే ఇంట్లో దీపం కొండెక్కినట్టే.

అందరికంటే ఎక్కువ దిగులు ఆమెకు పక్కింటి రాదివోయ్ గురించి. నలభై ఏళ్ళు నదిమీద రేవు పడవ నడిపిన మనిషి. ఏ ఏడూ స్లావా తప్పలేదు. అతని భార్య స్తానా అతన్ని అంటిపెట్టుకుని అట్ట స్తంభం పక్కన కూర్చునేది. వసంతంలో స్తానా పోయింది. అప్పటినుంచి రాదివోయ్ గేటు రొట్టె కొనడానికి తప్ప తెరుచుకోలేదు. ఒల్గిత్స కంచె మీదుగా గిన్నెలో ఏదో ఒకటి అందిస్తే, గిన్నె కడిగి తిరిగి వచ్చేది, మాట వచ్చేది కాదు.

"భార్య పోయినవాడు గుహలోకి వస్తాడా? వెలుగు చూస్తే వస్తాడు," అని నిశ్చయించుకుంది.

పండుగనాడు ఉదయం పొగమంచు వీధిని మింగేసింది. వితొమిర్ రొట్టె, తీపి గోధుమలు తీసుకుని గుడికి వెళ్ళాడు. అతను మలుపు తిరగగానే ఎలక్ట్రీషియన్ వచ్చాడు. మేకులు పీకడం ఎవరివల్లా కాలేదు కనుక కిటికీ అలాగే ఉండిపోయింది. కానీ పైకప్పుకు నాలుగడుగుల ట్యూబులైటు వెలిగింది. బల్లమీద మంచులాంటి తెల్లగుడ్డ.

పదకొండున్నరకు వితొమిర్ తిరిగొచ్చాడు. వెనకాలే ఫాదర్ సావా, గావ్రిల్, మరో ఏడుగురు. వితొమిర్ గుమ్మంలో మాటలు మరచిన నటుడిలా ఆగిపోయాడు.

"ఏమిటిది ఒల్గిత్సా?"

"దీపం. మనుషుల ఇళ్ళలో ఉంటుంది."

అరుస్తాడనుకుంది. అరవలేదు. దగ్గరికొచ్చి, "తీసెయ్యమ్మా, వాడొచ్చేలోపు," అన్నాడు మెల్లగా. ఎప్పుడూ బాల్కనీ చివరి వరుసకు వినిపించేలా మాట్లాడే మనిషి!

"ఎవడొచ్చేలోపు?"

జవాబు చెప్పేలోపే అతిథులు లోపలికి వచ్చేశారు. ట్యూబులైటు కింద మొదట అట్ట స్తంభాలకు ఎలుకలు కొట్టిన బెజ్జాలు కనిపించాయి. తర్వాత మనుషులు కనిపించారు. గావ్రిల్ చొక్కా చేతుల చిరుగులు, ఫాదర్ అంగీకి మాసికలు, అందరి చెంపల గుంటలు. నాలుగేళ్ళ ముసలితనాన్ని ఒక్క నిమిషంలో ఒకరిది ఒకరు చూసుకుని తలలు దించుకున్నారు. వెనకటి చీకట్లో "ఒరేయ్, నా గ్లాసెవడు తీశాడ్రా!" అని అల్లరి చేసినవాళ్ళే ఇప్పుడు పరీక్ష రాసేవాళ్ళలా కూర్చున్నారు.

"చేప... బాగా కనిపిస్తోంది," అన్నాడు గావ్రిల్.

అప్పుడు గుమ్మంలో రాదివోయ్ నిలబడ్డాడు. గడ్డం గీసుకున్నాడు, పెళ్ళినాటి కోటు వేసుకున్నాడు. కుడిచెయ్యి జేబులో ఉంది. పైన లైటు చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"రా అన్నా, రా!" ఒల్గిత్స పొంగిపోతూ గోధుమల పళ్ళెం పట్టుకుని ఎదురెళ్ళింది. గడప దాటినవాడు సిలువ వేసుకుని ఒక చెంచా గోధుమలు నోట వేసుకోవాలి. ఆ చెంచా కాదనకూడదు. అది పోయినవాళ్ళ పేర వండింది.

రాదివోయ్ కుడిచెయ్యి బయటికి తీశాడు. అది గాలికి చిక్కిన ఆకులా వణుకుతోంది. చెంచా పళ్ళేనికి కొట్టుకుని టకటకలాడింది. గోధుమలు ఆ తెల్లటి వెలుగులో నేలంతా రాలాయి, ఒక్కటీ నోటికి చేరలేదు.



"పాలు... పొయ్యిమీద పాలు పెట్టి వచ్చాను," అని రాదివోయ్ వెనక్కి తిరిగాడు.

ఆ టకటక ఒల్గిత్స చెవిలో మోగుతూనే ఉంది. ఉరుము పులుసుతోనే ఎందుకు వచ్చేదో, స్తానా మొగుణ్ణి ఎందుకలా అంటిపెట్టుకుని కూర్చునేదో, చీకటి సరిగ్గా నాలుగేళ్ళ కిందటే ఎందుకు మొదలయిందో, అన్నీ ఒక్కసారి తెలిశాయి. పేదింటి ఆడపిల్లలకు పునీత నికోలా సాయం చేసినప్పుడు చీకట్లో కిటికీలోంచి బంగారం విసిరాడని చిన్నప్పుడు బళ్ళో చదివింది. చీకట్లోనే ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

పళ్ళెం గావ్రిల్ ఒళ్ళో పడేసి నడవలోకి పరిగెత్తింది. ఠప్‌మని ట్యూబులైటు ఆరి, పండుగ వత్తి, పటం ముందు దీపం తప్ప గదంతా చీకటయింది.

"అయ్యో, కరెంటు పోయింది!" అంది నడవలోంచి, ఎన్నడూ అబద్ధమాడని మనిషి గొంతుతో.

"రాదివోయ్!" వితొమిర్ గొంతు మళ్ళీ బాల్కనీకి చేరింది. "ఈ చీకట్లో మెట్లు దిగి నడుం విరగ్గొట్టుకుంటావా? కూర్చో. పాలు పొంగితే పిల్లులు తాగుతాయి."

కుర్చీ జరిగిన చప్పుడయింది. "ఎవడిదిరా ఈ మోచెయ్యి?" అన్నాడు గావ్రిల్. ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో అందరి నోళ్ళూ తెరుచుకున్నాయి.

ఒల్గిత్స తడుముకుంటూ పులుసు తెచ్చింది. స్తంభం పక్కన గిన్నె పెట్టబోతే ఆమె చేతికి రెండు చేతులు తగిలాయి. ఒకటి వణుకుతోంది. దాని కింద, దాన్ని మోస్తూ, రంగులు వేసి గట్టిపడ్డ తన అన్న చెయ్యి. ఆ రోజు ఇంటి యజమాని కూర్చోకూడదు కదా, నిలబడి వడ్డించాలి. వితొమిర్ స్తానా కూర్చునే చోట నిలబడ్డాడు.

చెంచా గిన్నె అంచుకు టకటకా కొట్టుకుంది. వితొమిర్ రెండు చేతులూ ఖాళీ లేవు.

ఒల్గిత్స మూలకు వెళ్ళి రేకు పట్టుకుని, భగవంతుణ్ణి తలచుకుని ఊపింది.

ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ నాటకశాలలో అంత ఉరుము ఎవరూ వినలేదు. సముద్రం అట్టకు మూడు మేకులు ఊడాయి. ఫాదర్ సావా వైను గావ్రిల్ టోపీలో పడింది.

"ఎవరమ్మా అది?"

"నేనే ఫాదర్. మా అన్నయ్య పిచ్చి నాకూ పట్టింది."

వితొమిర్ ఆమె పక్కనుంచి పోతూ గుసగుసలాడాడు. "ఫ్యూజు ఎక్కడ?"

"నా ఏప్రాన్ జేబులో."

"నీ ప్రవేశం నాలుగేళ్ళు ఆలస్యమైంది. పరవాలేదు, బాగా చేశావు."

అందరికంటే ఆఖరున లేచింది రాదివోయ్. రెండు గిన్నెలు ఖాళీ చేశాడు. గుమ్మం దగ్గర టోపీ పెట్టుకుంటూ గుర్రుమన్నాడు. "ఏం ఇల్లమ్మా ఇది? ముళ్ళు కనిపించక చచ్చాను. వచ్చే ఏటికైనా మీ అన్నతో చెప్పి ఒక దీపం పెట్టించు."

"చెబుతూనే ఉన్నాను అన్నా," అని ఒల్గిత్స జేబులోని ఫ్యూజును గుప్పెట గట్టిగా పట్టుకుంది. "నా మాట వింటేగా!"