తాగుబోతు వేషానికి మా ఇంటి సీసా

ఇవాళ మా బొబ్బిలి చర్చిలో పిల్లలు క్రిస్మస్ స్కిట్ ప్రాక్టీసు చేస్తున్నారు. బొగ్గు మీసం పెట్టుకున్న తాగుబోతు ఒకడు తూలుతూ వచ్చాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మన సండే స్కూల్ బ్యాచ్ వాళ్ళకి గుర్తుందా? ఏటా ఆ వేషం నాదే. "ఒరే, మీ నాన్న నడక నడు, సాలు. సీసా కూడా మీ ఇంటికాడ నుంచే అట్టుకురా," అనేవాడు సంఘపెద్ద. మీరంతా పడీ పడీ నవ్వేవారు. ఆడవాళ్ళ చాప మీద మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని తల దించుకునేది.

చివర్లో నేను సీసా పక్కన పెట్టి మోకరిల్లగానే తాగుబోతు మారిపోయేవాడు. హల్లెలూయ అంటూ ఒకటే చప్పట్లు. తెర దించాక పెద్దాయన ఆ సీసా నా చేతికిచ్చి, "దాసుకోరా, మల్లీ ఏడాదికి కావాలి," అనేవాడు.

మా ఇంట్లో సీసాలకు కరువు లేదని ఆయనకు తెలుసు. మా నాన్న కోసం ప్రార్థన చేద్దామని మాత్రం ఒక్కసారీ అనలేదు.