చదవకుండా దాటేసిన రెండు పేజీలు

నా చిన్నప్పుడు ఒక వేసవి సెలవుల్లో, పదిహేను మంది ఆడవాళ్ళు చెవులప్పగించి వింటుండగా, ఒక నవల చివరి రెండు పేజీలు చదవకుండా దాటేసి, వాటి బదులు నా సొంత వాక్యం ఒకటి చేర్చి పుస్తకం మూసేశాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నా డైరీలో కూడా ఆ వారం 'కడుపునొప్పి' అని మాత్రమే ఉంది.

ఇప్పుడు రాయడానికి కారణం, ఆ నవల మళ్ళీ అచ్చయింది. నా ఫోన్‌లో పుస్తకాలు చదివేవాళ్ళ గ్రూపు ఒకటుంది. చేరి రెండేళ్ళయినా అందులో ఒక్క మాట రాయలేదు. మూడు రోజులుగా అక్కడంతా ఈ నవల మీదే అభిప్రాయాలు. హంతకుడెవరో సగంలోనే తెలిసిపోయిందని ఒకాయన రాశారు. ప్రేమకథ లేకపోతే ఇంకా బిగువుగా ఉండేదని ఒకావిడ అంటే, ఆ ప్రేమకథ కోసమే రెండోసారి చదువుతున్నానని ఇంకొకావిడ. 'ఆ కాలంలో జనం అంత గుడ్డిగా ఉండేవాళ్ళా? నమ్మబుద్ధి కాలేదు' అని ఒకరు రాశారు. దాని కింద జవాబు మొదలుపెట్టడం, చెరిపేయడం. బియ్యం కడుగుతూ ఒక వాక్యం తోస్తుంది, బస్సులో ఇంకొకటి తోస్తుంది. ఏదీ నిలవదు. కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

మాది పెద్దారవీడు దగ్గర ఒక పల్లె. సెలవులొస్తే నాయన నన్ను మార్కాపురంలో మా అవ్వ ఇంట్లో, అంటే అమ్మ వాళ్ళమ్మ దగ్గర, దింపి వెళ్ళేవాడు. అవ్వ పలకల షెడ్డులో పనిచేసేది. మగవాళ్ళు రాయిని పొరలు పొరలుగా చీల్చి కోసిస్తే, ఆడవాళ్ళు దాన్ని నునుపు చేసి, చుట్టూ చెక్క ఫ్రేము బిగించి, అట్టపెట్టెల్లో సర్దేవాళ్ళు. నాకప్పుడు పన్నెండేళ్ళు. ఎవరైనా పేరు అడిగితే అవ్వ కొంగు వెనక్కి వెళ్ళేదాన్ని. కానీ పుస్తకం చేతిలో పెడితే మాత్రం చదివేదాన్ని, ఎందుకంటే అవి నా మాటలు కావు. అది కనిపెట్టి అవ్వ, మధ్యాహ్నం అన్నాలయ్యాక అందరికీ కథ చదివే పని నాకు అప్పజెప్పింది.

లైబ్రరీ నుంచి నేను తెచ్చిన నవలే ఇది. యుద్ధకాలం, సముద్రం ఒడ్డున ఒక రేవు పట్నం. దీపాలకు నల్లకాగితాలు చుట్టుకుని బతుకుతున్న జనం. తంతి ఆఫీసు గుమాస్తాను ఎవరో చంపేస్తారు. ఊళ్ళో గడియారాలు బాగుచేసే ఒకతను ఉంటాడు, బర్మా నుంచి నడిచి వచ్చినవాడు, అతని వాళ్ళెవరో ఎవరికీ తెలియదు. శత్రువుల ఓడలకు దీపంతో సైగలు చేసేది వాడేనని, గుమాస్తా అది చూశాడు కాబట్టి చంపాడని ఊరంతా అనుకుంటుంది. అతన్ని ప్రేమించిన బడిపంతులమ్మ ఒక్కతే కాదంటుంది.

షెడ్డులో రోజూ చదవడం అయ్యాక అభిప్రాయాలు చెప్పుకోవడం ఒక ఆట అయింది. పగిలిపోయి పనికిరాని పలకలు కుప్పగా పడి ఉండేవి. తలా ఒకటి తీసుకుని హంతకుడు ఎవరో గుర్తు వేయాలి. సగం మందికి రాయడం రాదు కనుక గడియారాల మనిషికి సున్నా, కథలో వచ్చే డాక్టరుకు ఇంజెక్షను సూది, పోస్టుమాస్టరుకు కవరు. అందరూ ఒకేసారి పలకలు తిప్పేవాళ్ళు. అన్నిటిమీదా సున్నాలే. ఒక్క పలక మీద మాత్రం గుండ్రటి అక్షరాల్లో 'అతను కాదు' అని ఉండేది.

ఆ పలక కొత్తగా వచ్చిన అక్కది. సముద్రం వైపు నుంచి, ఒక లారీ డ్రైవరును ఇష్టపడి పెళ్ళాడి వచ్చేసింది. ఇరువైపుల ఇళ్ళూ వాళ్ళను వద్దనుకున్నాయి. ఆమె యాసకు షెడ్డులో అందరూ నవ్వేవాళ్ళు.

"కుండకు గూడా అండీ అంటదేమో సూడండే, నీళ్ళు ముంచేముందు" అనేది అవ్వ.

వచ్చిన మొదటిరోజే ఆమెను అడిగారు. "మీరు ఏమోళ్ళమ్మా?" అని. కులం అనే మాట ఎత్తకుండా కులం అడగడానికి మా దగ్గర వాడే ప్రశ్న అది. ఆమె చేతిలో ఉన్న పలక చూపించి, "పలకలోళ్ళమండీ" అంది నవ్వుతూ. ఎవరూ నవ్వలేదు. మర్నాటి నుంచి ఆమె ముంచిన కుండలో నీళ్ళు తాగడం మానేశారు. చివరికి మేస్త్రీ దగ్గరికి పోయి, ఆమెనన్నా మానిపించు, మమ్మల్నన్నా మానిపించు అన్నారు. శనివారం చెప్తానన్నాడాయన. ఈ పని పోతే మళ్ళీ ఊరు మారాల్సిందేనండీ అని ఆమె ఆయనతో అనడం నేను విన్నాను.

నవల చివరికొచ్చింది గురువారం నాడు. ముందే నేను ఒక్కదాన్నే కూర్చుని ముగింపు చదివేశాను. పోలీసులు బడిపంతులమ్మను పట్టుకుపోతామని బెదిరిస్తే, ఆమెను తప్పించడానికి గడియారాల మనిషి తానే చంపానని ఒప్పుకుంటాడు. ఆ తర్వాత రెండు పేజీలున్నాయి. సైనికుల ఆసుపత్రి మందులు అమ్ముకుంటూ గుమాస్తా కంటబడిన డాక్టరే హంతకుడని వాటిలో బయటపడుతుంది.

అతను ఒప్పుకున్న చోటికి వచ్చి తలెత్తాను. పదిహేను మొహాలు నావైపే ఉన్నాయి. అవ్వ ముందుకు వంగి, "వాడే గదా మే? చెప్పు!" అంది. అంతమంది నా నోటి కోసం ఎదురుచూడటం నాకు అదే మొదలు. వాళ్ళను నిరాశపరచలేకపోయాను. పేజీ తిప్పకుండానే, పుస్తకంలో చూసి చదువుతున్నట్టే, "ఆ రోజు నుంచి ఊరు హాయిగా నిద్రపోయింది. సమాప్తం" అన్నాను.

షెడ్డు అదిరిపోయేలా నవ్వులు. నేను ముందే చెప్పలేదా అంటే నేను చెప్పలేదా అని. అవ్వ నా బుగ్గ పుణికి, గుప్పెడు బొరుగులు ఒళ్ళో పోసింది. బొరుగులు నోట్లో ఉండగానే అవ్వ ఆ అక్క వైపు తిరిగింది.

"సూసినావా? ఊరూ పేరూ చెప్పనోళ్ళని నమ్మితే ఇట్లనే ఉంటది. రేపెల్లుండి మేస్త్రీ వస్తాడు గదా, అప్పుడు తేలుస్తాం."

నా వాక్యం ఎక్కడికి వెళ్ళి తగిలిందో అప్పుడు తెలిసింది. పని అయ్యాక ఆ అక్క నా దగ్గరికొచ్చి, పుస్తకం ఒకసారి ఇస్తావా పాపా, ఇంటికి తీసుకెళ్ళి రేపు తెస్తాను అంది. ఇవ్వనని చెప్పడానికి కూడా నోరు కావాలి. ఇచ్చేశాను.

మర్నాడు కడుపునొప్పి అన్నాను. అవ్వ వాము నమిలించి, నీళ్ళు తాగించి, షెడ్డుకే లాక్కుపోయింది. ఆ అక్క అందరి ముందూ నిజం బయటపెడుతుందని, అవ్వ పరువు పోతుందని, నేను ఇక మార్కాపురం రాలేనని ఏవేవో అనుకుంటూ, మధ్యాహ్నం వరకూ పలకలు లెక్క తప్పి పేర్చాను.

అన్నాలయ్యాక ఆమె పుస్తకం పట్టుకుని లేచింది. "అండీ, నిన్న కథ పూర్తవలేదు. చివర రెండు పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. పాప చూసుకోలేదు" అంది. నిజంగానే అంటుకుని ఉన్నాయి. వేలు పెడితే ఇంకా తడి. అట్టపెట్టెలకు కాగితాలు అంటించే మైదా బంక వాసన. నిన్న ఆ పేజీల మధ్య ఏ బంకా లేదని ఆ షెడ్డులో ఇద్దరికే తెలుసు. ఆమె నా కళ్ళలోకి చూడకుండా, కాగితం చిరగకుండా బ్లేడుతో నెమ్మదిగా విడదీసి, నా చేతికిచ్చి, వెళ్ళి ఫ్రేము బిగించుకుంటూ కూర్చుంది.

చదివాను. నా గొంతు నాకే వినపడలేదు. గట్టిగా చదవమని రెండుసార్లు కసిరారు. డాక్టరు పేరు వచ్చేసరికి చేతులన్నీ ఆగిపోయాయి.

"డాక్టరా? పాణం పోసే చెయ్యి గదమ్మా అది!" అంది ఒకామె.

అవ్వకు కోపం వచ్చింది, రాసినవాడి మీద. "చెయ్యలేదని ఆ గడియారాలోడన్నా చెప్పుకోవద్దా? నోరు లేదా వానికి?"

ఆ అక్క తలెత్తకుండానే అంది. "చెప్పాడండీ. మూడో ప్రకరణంలోనే చెప్పాడు. ఎవరూ వినలేదు."

ఆ రోజు ఎవరూ పలకలు తిప్పలేదు.

శనివారం మేస్త్రీ వచ్చి, ఏందమ్మా, ఏమంటారు అని అడిగాడు. అందరూ అవ్వ వైపు చూశారు. "ఏమంటాం? ఫ్రేములు తక్కువొచ్చినాయి, తెప్పియ్యి" అంది అవ్వ. ఆ అక్క పని పోకుండా నిలిచింది. క్షమాపణలేమీ లేవు. కొందరు తర్వాత కూడా ఇంటి నుంచే సీసాల్లో నీళ్ళు తెచ్చుకున్నారు. అవ్వ ఒకరోజు ఆ కుండ నీళ్ళు తాగేది, ఒకరోజు దాహం లేదనేది.

బడి తెరిచే ముందు నేను ఊరికి వెళ్ళాల్సి వచ్చింది. అవ్వకు ఆ రోజు లోడు సర్దే పని ఉండి, నన్ను బస్సెక్కించి రమ్మని ఆ అక్కకే అప్పజెప్పింది. బస్టాండు దాకా నా సంచి ఆమే మోసింది. నేను క్షమించమని అడగాలనుకున్నాను. దారి పొడుగునా దుకాణాల బోర్డులు చదువుతూ నడిచాను. బస్సు కిటికీ దగ్గర కూర్చున్నాక ఆమె కిందనుంచి మాట్లాడింది. తిట్టలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది. జవాబు చెప్పేలోపు బస్సు కదిలింది. దసరాకు వచ్చేసరికి ఆమె భర్తకు వేరే ఊళ్ళో పని దొరికి వెళ్ళిపోయారు.

నలుగురిలో ఏదైనా చెప్పాల్సి వచ్చినప్పుడు, ఫోన్‌లో ఒక వాక్యం రాసి చెరిపేస్తున్నప్పుడు, ఇప్పటికీ ఆ కిటికీ కింద నిలబడి ఆమె అదే అడుగుతున్నట్టుంటుంది:

"ఊరు హాయిగా నిద్రపోయిందని నీ సొంత మాట చెప్పినప్పుడు షెడ్డంతా వినపడింది పాపా. ఉన్నది ఉన్నట్టు చదివేటప్పుడు గొంతెందుకమ్మా అంత చిన్నగా పెట్టావు?"