పలక రాయిలో రూటైల్ సూదులు

ఆ ఆదివారం మధ్యాహ్నం మార్కాపురంలో మా మేనమామ ఇంటి వరండాలో ఉన్నవి: ఒక మైక్రోస్కోపు, కాంతిని వడగట్టే రెండు పోలరాయిడ్ కాగితాలు, ఒక అద్దం ముక్క, డబ్బాలో రాపిడి పొడి, బకెట్ నీళ్లు, గాజు స్లైడుకు అంటించిన గోరంత పలక రాయి. ఉన్నవాళ్లు: నేను, అప్పుడే చర్చి నుంచి వచ్చిన మామ, అత్త. మామ ముప్పై ఏళ్లుగా పలక రాయి చీల్చే పనిలో ఉన్నాడు. నాది జియాలజీ చివరి ఏడాది.

మర్నాడు కాలేజీలో ఆ స్లైడు ఇవ్వాలి. ఇవ్వకపోతే డిగ్రీ ఇంకో ఏడాది వెనక్కి. అందులో రూటైల్ కనబడాలి. రూటైల్ టైటానియం ఖనిజం. గోడలకు వేసే పెయింటులోని తెలుపు, వెల్డింగ్ రాడ్డు మీది పూత, విరిగిన ఎముకకు బిగించే ప్లేటు, అన్నిటికీ అది పనికొస్తుంది. కాంతిని వంచడంలో వజ్రాన్ని మించింది. పలక రాయిలో వెంట్రుక కన్నా ఎంతో సన్నని సూదుల్లా ఉంటుందని చదివానే గాని చూడలేదు.

అప్పటికే మూడు రాళ్లు పాడు చేశాను. నమూనా బాగా ఆరాలని ల్యాబులో నేర్చుకున్నాను కాబట్టి, గని నుంచి తెచ్చిన రాళ్లను డాబా మీద ఎండలో పెట్టాను. ఉలి పెడితే ముక్కముక్కలైపోయాయి.

"పలక రాయిని ఎవురన్నా ఎండబెడతారా అల్లుడూ?" అన్నాడు మామ.

"చదువుకున్నోడు గదా, ఒడియాలనుకున్నాడు," అంది అత్త.

గనిలో తీసిన రాయిని చీల్చేదాకా తడి గోనెల కింద ఉంచుతారు. లోపలి తేమ పోతే పొర విడదు. శనివారం మామ తడి రాయి ఒకటి తెచ్చి, ఉలి ఆనించి రెండే దెబ్బలు వేశాడు. రేకులా విడింది. అందులో గోరంత ముక్కను నీడలో ఆరబెట్టి స్లైడుకు అంటించాను.

ఇక అరగదీయాలి. మిల్లీమీటరును వంద భాగాలు చేస్తే మూడు భాగాలంత మందమే మిగలాలి, అప్పుడే వెలుగు రాయిలోంచి దూరుతుంది. అద్దం మీద పొడి, నీళ్లు వేసి నేను రుద్దుతుంటే మామ మధ్యమధ్యలో వేలితో తడిమి చూస్తున్నాడు.

"ఆపు. ఇంగొక్కసారి తిప్పితే గాజే మిగుల్తాది."

పోలరాయిడ్ కాగితాల మధ్య పెట్టి చూశాను. క్వార్ట్జ్ రేణువులు బూడిద రంగులో కనబడ్డాయి. మందం సరిపోయిందనడానికి అదే గుర్తు. కొలిచే పరికరం లేకుండా ఆ వేలికి ఎలా తెలిసిందో నాకిప్పటికీ అర్థం కాదు.

పెద్ద లెన్సు తిప్పాను. ముందు మసక. తర్వాత సూదులు. తేనె రంగువి, నల్ల అంచులవి, మోచేయిలా వంగినవి. జరిగి మామకు చోటిచ్చాను.

"ఏందిరా ఇయ్యి, గడ్డి పరకలా?"

"రూటైల్, మామా."

"నేను చీల్చిన పలకలన్నిట్లోనూ ఉండాయా?"

"ఈ రాయిలో ఉంటే, వాటిలోనూ ఉంటాయి మామా."

అత్త అన్నానికి రెండుసార్లు పిలిచింది. మామ కన్ను తీయలేదు. "ముప్పై ఏండ్లు నా చేతిలోనే ఉండి నాకే చెప్పలేదే నువ్వు," అన్నాడు రాయితో.

రిపోర్టులో ఒక గడి ఇంకా ఖాళీగా ఉంది: మైక్రోస్కోపులో ఒకసారికి కనబడే సూదుల సంఖ్య. నేనోసారి లెక్కపెట్టాను, మామ ఓసారి. ఇద్దరికీ నలభై మూడే.