టైలర్ మామయ్య జ్ఞానదంతం

నా చిన్నప్పుడు గురజాలలో మా పక్కింట్లో ఒక టైలర్ మామయ్య ఉండేవాడు. మా వీధి ఆడవాళ్ళ జాకెట్లన్నీ ఆయన కుట్టాల్సిందే. అలాంటి మనిషికి జ్ఞానదంతం మొలిచింది. అబ్బో, అది పెట్టిన బాధ అంతా ఇంతా కాదు! చోటు చాలక పక్కకు ఒరిగి వచ్చిందట. దవడ వాచిపోయి నోట్లో ముద్ద పట్టేది కాదు. మందులు వాడితే తగ్గేది, నాలుగు రోజులకు మళ్ళీ వాచేది.

ఇలా మాటిమాటికీ తిరగబెడుతుంటే తీయించుకోవడమే మంచిదని, లేకపోతే ముందున్న పన్ను కూడా పాడవుతుందని నరసరావుపేటలో పళ్ళ డాక్టరు చెప్పాడు. మామయ్య ససేమిరా అన్నాడు. పన్ను పీకితే కంటిచూపు పోతుందని ఆయన భయం. వీధిలో మగవాళ్ళంతా నవ్వారు, మా నాన్నతో సహా. నాకు ఒళ్ళు మండింది. కుట్టుపని మీద బతికే మనిషికి కళ్ళు పోతాయంటే భయం వెయ్యదా మరి?

ఒకరోజు అమ్మ ఆయనకు గంజి పట్టుకెళ్తుంటే నేనూ వెంటపడ్డాను. మామయ్య దవడకు తువ్వాలు కట్టుకుని మిషను ముందు దిగాలుగా కూర్చున్నాడు. "కళ్ళు పోతే నేనేం జేసుకుని బతకాలి చెల్లెమ్మా?" అన్నాడు. అమ్మ వాదించలేదు. ఆయన పెట్టెలోంచి అన్నిటికన్నా సన్న సూది ఏరి, నల్లదారం ఒక్కసారికే ఎక్కించింది. తర్వాత నోరు తెరిచి, లోపల చివరనున్న ఖాళీ చూపించింది.

"పోయినేడు నేనూ తీపిచ్చుకున్నా, అన్నా. సూది కనపడతానే ఉందిగా!"

మామయ్య సూది వంకా అమ్మ వంకా మార్చి మార్చి చూశాడు. "నీకు భయమెయ్యలా?" అన్నాడు.

"ఎయ్యకేం? చానా ఏసింది. ఇంట్లో చెబితే నవ్వుతారని, బజారుకని చెప్పి పోయా. పన్ను పీకంగానే గోడమీద కేలండరు చదివి చూసుకున్నా."

మామయ్య దవడ పట్టుకుని మరీ నవ్వాడు. ఆ వారంలోనే పన్ను తీయించుకున్నాడు. వాపు తగ్గాక మా ఇంటికొచ్చి ఆవకాయ అన్నం అడిగి మరీ తిన్నాడు. ఆయన మిషను చప్పుడు మళ్ళీ వీధంతా వినపడింది.

నాకు మాత్రం మనసు కలుక్కుమంది. దేనికీ జంకదనుకున్న మా అమ్మ, అంత భయాన్ని కడుపులో పెట్టుకుని ఒక్కతే నరసరావుపేట బస్సెక్కిందని అప్పటిదాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు నేనే నానమ్మనయ్యాను. మొన్న మనవరాలి జ్ఞానదంతం చూసిన డాక్టరు, తిన్నగానే వస్తోంది, బాధపెట్టనంతవరకు దాని జోలికి పోవద్దన్నాడు. ఆ కాస్త చూపించుకోవడానికి కూడా నేను వెంట వెళ్ళాను. "నేను పోయొస్తాగా నానమ్మా, నువ్వెందుకు?" అని పిల్ల విసుక్కుంది. విసుక్కోనీ. నా ఇంట్లో ఇంకెవరూ భయపడుతూ ఒంటరిగా బస్సెక్కడానికి వీల్లేదు.