కరక్కాయ నీళ్లు తాగని సైన్యం

మీ ఇంట్లో ఏదైనా పాడైతే, ఎందుకు పాడైందని ముందు అడుగుతారా, ఎవరు ముట్టుకున్నారని అడుగుతారా?

నా చేత ఈ ప్రశ్న అడిగిస్తున్నది ఒక వాసన. మా తమ్ముడి కూతురు హారిక బందరులో ఇంజనీరింగ్ చదువుతోంది. బల్ల మీద ఆడే యుద్ధపు ఆట ఒకటి ఉందట. బొటనవేలంత ప్లాస్టిక్ సైనికులను తెప్పించుకుని ఒక్కొక్కరికీ తానే రంగులు వేసుకుంటుంది. మొన్న ఆదివారం డాబా మీద వాటికి బూడిదరంగు స్ప్రే కొడుతుంటే ఆ ఘాటుకి ముక్కు మూసుకుని, "రంగులుండగా ఈ బూడిదెందుకే?" అన్నాను.

"ముందు ఈ పూత లేకపోతే పైరంగు పట్టదు పెదనాన్నా. ఎంత బాగా వేసినా ఊడొచ్చేస్తది."

ఆ సంగతి నాకు పదకొండో ఏటే తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను.

మాది కోడూరు. దసరా సెలవులకు బందరులో మావయ్య ఇంటికి వెళ్లేవాణ్ణి. మావయ్యది గుడ్డల మీద అచ్చులతో బొమ్మలు వేసే అద్దకం పని. వానలు వెనకబట్టి ఎండ మెత్తబడిన ఆ రోజుల్లో పెరడంతా తడి గుడ్డల వాసన, కరక్కాయ పొడి వగరు వాసన, వంటింట్లోంచి సున్నుండలకు వేయిస్తున్న మినప్పప్పు వాసన. వీటన్నిటినీ తొక్కేస్తూ మూలనున్న కుండలోంచి, బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము ఇరవై రోజులు మురగబెట్టిన నల్లరంగు పులుపు. కరక్కాయ నీళ్లు తాగిన గుడ్డ మీద ఆ రంగు అద్దితే కళ్లముందే నల్లగా తిరిగేది. ఉత్త గుడ్డ మీద అద్దితే తుప్పు మరకే మిగిలేది.

నేను కోడూరు కాలవ బంకమట్టి గోనెసంచిలో మోసుకొచ్చేవాణ్ణి. మావయ్య కూతురు రత్నం వదినా నేనూ దానితో వేలెడంత సైనికులను చేసి, ఊక నిప్పులో కాల్చి, చేతుల్లో ఈనుపుల్లలు గుచ్చి బల్లేలు చేసేవాళ్లం. వరండా గచ్చు మీద సుద్దతో ఏటిపాయలు, కాలవలు, ఒక కోట గీసి, మంగినపూడిలో ఏరుకొచ్చిన గవ్వలు వేసి, పడినన్ని అడుగులు సైన్యాన్ని నడిపేవాళ్లం. ఎర్రసైన్యానికి జాజు, నల్లసైన్యానికి కుండలో రంగు. రంగులు వెయ్యడం మాత్రం రత్నం వదినదే. నాకంటే రెండేళ్లు పెద్దది. ఈనుపుల్ల మొన చెక్కి ఒక్క గీతతో మీసం తిప్పేది, ఇంకో గీతతో కోపం తెప్పించేది. ఒకసారి ఇద్దరు సైనికులకు చీరలు గీసింది.

"సైన్యంలో ఆడోళ్లేంటి వదినా?"

"చేపల గంప మోసేదానికి నీ బల్లెం బరువా ఏంట్రా?"

మావయ్య అది విని నవ్వి, అచ్చులు చెక్కేవాడికి ఇచ్చే కొత్త నమూనాలు ఆమె చేతే గీయించడం మొదలుపెట్టాడు.

నా పదకొండో ఏట దసరాకి నేను వెళ్లేసరికి ఆమెను, పెద్దమనిషైందని, వెనకగదిలో కొబ్బరాకుల చాప మీద మూల కూర్చోబెట్టారు. చుట్టాలు చిమ్మిలి ముద్దలు తెచ్చిపెట్టి కిటికీ దూరం నుంచే మాట్లాడి పోతున్నారు. ఆమెకు ఊసుపోవడం లేదు, నాకు యుద్ధానికి తొందరగా ఉంది. కొత్తగా కాల్చిన ముప్పై మందిని కరక్కాయ నీళ్లలో నానబెట్టి ఆరబెట్టడం నా వంతు. ఆరేదాకా ఎవరు ఆగుతారని ఆ పని మానేసి, బొమ్మలను, రంగు కుండను కిటికీలోంచి ఆమెకు అందించాను. సాయంత్రానికి ముప్పై మందీ పాచిపోయిన టీ రంగులో నిలబడ్డారు.

అమ్మమ్మ చూసింది. బొమ్మలను కాదు, కుండ ఎక్కడుందో చూసింది.

"ముట్టుకుందిగా, రంగు చచ్చిపోయింది. పారబొయ్యరా," అంది మావయ్యతో.

ఒక్క గుడ్డముక్క కరక్కాయ నీళ్లలో తడిపి ఆ కుండలో ముంచి ఉంటే అరనిమిషంలో నిజం నల్లగా తేలేది. ముప్పై ఏళ్లు ఆ రంగుతో బతికిన మావయ్యకి అది తట్టలేదు. తట్టనివ్వకపోవడమే ఆ నమ్మకానికున్న బలం. ఇరవై రోజుల రంగు మురిక్కాలవలో కలిసింది. రత్నం వదినను ఇంకెప్పుడూ రంగుల దగ్గరికి రానివ్వలేదు. నమూనాల కాగితాలు కూడా తీసేసుకున్నారు. నేను గడపలో నిలబడి చూశాను. చెబితే నాకు రెండు దెబ్బలు పడేవి. అంతే.

తర్వాత నేను వేదికలెక్కాను, మూఢనమ్మకాల మీద వాదించాను, చప్పట్లు కొట్టించుకున్నాను. ఈ ఒక్క వాదన మాత్రం చెయ్యలేదు.

మొన్న ఆ డాబా దిగి నేరుగా గుడివాడ బస్సెక్కాను. రత్నం వదిన ఉండేది అక్కడే. కాఫీ ఇచ్చింది. అంతా చెప్పాను.

"తెలుసులేరా. రంగు తిరగనప్పుడే తెలిసింది, నువ్వు నానబెట్టలేదని," అంది.

"మరి చెప్పలేదేం?"

"మూల కూర్చున్నదాని మాట ఎవడింటాడు? నువ్వు చెబితే వినేవాళ్లు. ఇప్పుడు నాకు చెప్పి ఏం లాభం? నాకు తెలియందా?" అంది. నా చేతిలోంచి గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మావయ్య పెరట్లో ఇప్పుడు సిమెంటు గచ్చు ఉంది, మోటారుసైకిళ్లు ఉన్నాయి. ఆ కుండలు లేవు, ఊక నిప్పు లేదు. మట్టి సైనికులను చేసే పిల్లలూ లేరు. అమ్మమ్మ తీర్పు మాత్రం ఆవకాయ జాడీ దగ్గర, మల్లెమొక్క దగ్గర చెక్కుచెదరకుండా ఉంది.

నేను నిజం చెప్పాల్సిన వాళ్లు, అమ్మమ్మా మావయ్యా, ఇద్దరూ పోయారు. మీ ఇంట్లో వాళ్లింకా ఉన్నారు. మీకు తెలిసిన నిజాన్ని, నింద మోసినవాళ్ల చెవిలో కాదు, నింద వేసినవాళ్ల ముందు నిలబడి, ఈ పూటే చెప్పండి.