మబ్బుల మీది ఊరికి ఒక మాట

భూమిని విడిచి వేరే గ్రహం మీద బతికే మనుషుల గురించి నేను కథలు రాస్తాను. అంత దూరపు ఆలోచన ఎక్కడిదని జనగామలో ఒక కాలేజీ అమ్మాయి అడిగింది. నెల్లికుదురు అవతలి తండాలో దొరికిందని చెప్పాను.

నాకు ఎనిమిదేళ్లప్పుడు నాయిన ఊరి దొర మీద తిరగబడ్డ సంఘంలో చేరి అడవికి పోయాడు. ఆయన కోసం దొర మనుషులు దేవరుప్పుల దగ్గరి మా ఇంటిని రెండుసార్లు సోదా చేశారు. మూడోసారి నిప్పు పెట్టారు. అమ్మ నన్ను తీసుకుని మూడు రోజులు నడిచి ఆ లంబాడా తండాకు చేరింది. నాయిన స్నేహితుడి తల్లి అక్కడ ఉండేది. ఆ ముసలామె మమ్మల్ని ఏమీ అడగకుండా తన గుడిసెలో సగం ఇచ్చింది.

తండాలో అందరిదీ వాళ్ల భాషే. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కొత్తవాళ్ల కంట పడతానని అమ్మ బయటికి పోనిచ్చేది కాదు. ముసలామె మనవరాలు నా ఈడుది, ఆమెలాగే కాస్త తెలుగు వచ్చు. పొద్దుపోక మేమిద్దరం మబ్బుల మీద ఒక ఊరు కల్పించాం. అక్కడికి వచ్చేవాళ్లంతా ఇళ్లు కాలిపోయినవాళ్లే. మూటాముల్లె ఏమీ ఉండవు కనుక, వాకిట్లో కావలి మనిషికి తమ భాషలోంచి ఒక మాట ఇస్తే లోపలికి రానిస్తారు. నేను 'బువ్వ' ఇచ్చాను. తను 'బాటి' ఇచ్చింది, అంటే రొట్టె. అలా రోజుకు కొన్ని మాటలు మార్చుకునేవాళ్లం.

వానలు వెలిసిన ఒక ఉదయం మమ్మల్ని వెతుక్కుంటూ తుపాకులతో దొర మనుషులు వచ్చారు. అమ్మ అప్పటికే వాళ్లలాగే అద్దాల రవిక తొడుక్కుని తండా ఆడవాళ్లతో చేలో ఉంది. నా ఒంటి మీద మనవరాలి బట్టలున్నాయి. ఒకడు నన్ను చూపించి ఎవరని అడిగాడు. నా బిడ్డ బిడ్డ అంది ముసలామె.

"అయితే మాట్లాడమను," అన్నాడు.

నాకు వాళ్ల భాషలో విడి మాటలే తప్ప మాట్లాడటం రాదు. అప్పుడు నా నేస్తం, రోజూ కావలి మనిషిలా అడిగే ప్రశ్నే వాళ్ల భాషలో అడిగింది, ఏం తెచ్చావని. దానికి జవాబు నాకు తడుముకోకుండా వచ్చు. రొట్టె, నీళ్లు, అమ్మ, మేక, చందమామ, అన్నీ వాళ్ల భాషలోనే గబగబా చెప్పేశాను. అతనికి ఆ భాష రాదు. కాసేపు విని పక్క గుడిసెకు పోయాడు.

వాళ్లు తండా దాటాక ముసలామె నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. "మేకను చందమామ మీదికి ఎక్కిచ్చినవు బిడ్డా," అంది.

రెండేళ్లకు నాయిన భూపాలపల్లి అడవుల నుంచి కుంటుకుంటూ వచ్చాడు. నేను ఎదురుపోయి ఏదేదో చెప్పాను. సగం ఆయనకు అర్థం కాలేదు.

"పిల్ల ఏమంటున్నది?" అని అమ్మను అడిగాడు.

"చిక్కిపోయినవంటున్నది. నువ్వు గూడ జర నేర్చుకో."

ఊరికి ఎప్పుడు పోదామన్నాడు. సంఘం మాట మీద పంచుకున్న బంజరులో తండావాళ్లు మాకూ ఒక చెక్క భూమి విడిచారని అమ్మ చెప్పింది. "గీళ్లు మనల కడుపుల పెట్టుకున్నరు. గీడనే ఉందాం," అంది.

ఆయన సరేనన్నాడు. ఆ భాష పట్టుబడటానికి ఆయనకు ఏడాది పట్టింది. తప్పు పలికితే పిల్లలందరం నవ్వేవాళ్లం, ఆయనా నవ్వేవాడు. మరుసటి వానాకాలం ఆ చెక్కలో జొన్న వేశాం.